కావడి రోజున చేపలను కాచిన స్పాంజి

ఆడికృత్తిక రాత్రి, తిరుత్తణి

కొండమీది స్వామికి కావడి మొక్కు తీరింది. ఇంట్లో వెలసిన స్వామికి ఇప్పుడు దండం పెడుతున్నాను. ఆయన పేరు స్పాంజి ఫిల్టర్.

పొద్దున ఇంటినిండా చుట్టాలు, ఎక్కడ చూసినా చార్జర్లు. చోటు దొరక్క పొన్నేరి మామ చేపలతొట్టిలోని పెద్ద ఫిల్టర్ ప్లగ్గు పీకి ఫోన్ పెట్టుకున్నాడు. ఫోన్ నిండాక తీసుకున్నాడు, ప్లగ్గు సంగతి మరిచాడు. సాయంత్రం కొండ దిగి వచ్చేసరికి పెద్ద ఫిల్టర్ మౌనవ్రతంలో ఉంది. చేపలు పోయాయనుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తాను.

కానీ ఇంకో ప్లగ్గుకున్న చిన్న స్పాంజి ఫిల్టర్ మూలన బుడగలు వదులుతూనే ఉంది. నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ మేత కోసం పైకొచ్చాయి. ఆ స్పాంజిని కొన్నరోజు నాన్న, "ఏమిరా, పెండ్లికొడుక్కి తోడుపెండ్లికొడుకు మాదిరి పెద్దదానికి ఇదొకటా?" అని నవ్వినాడు. ఈరోజు ఆయనే, "తోడుపెండ్లికొడుకే తాళి కట్టేసినాడు పో" అన్నాడు.

పెద్ద ఫిల్టర్‌లో మురికిని తినే సూక్ష్మజీవులు గాలాడక చచ్చే ఉంటాయి. ఆ కుళ్లు తొట్టిలోకి పోకుండా దాన్ని విప్పి, కడిగి, అప్పుడు నడిపాను. అందులో కొత్తవి పుట్టేదాకా స్పాంజిలో ఉన్నవే సంసారం ఈదాలి. నీళ్లు చెడకుండా ఉంటాయో లేదో...

మామ మాత్రం తొట్టి ముందు నుంచి లేవడం లేదు. "పడుకో మామా, వాటికేం కాలేదు" అన్నాను.

"తెలుసులేరా. ఇన్నేండ్లు వచ్చిపోతా ఉండా, ఒక్కనాడూ సరిగ్గా చూడలే. భలే ఉండాయి. ఇంకాసేపు చూడనీ."