ఊదుగొట్టానికి టెఫ్లాన్ పూత

కొత్తపేట,
20-6-2005.

చిరంజీవి నాగసతీష్‌కి మేనత్త ఉమాదేవి ఆశీస్సులతో రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క మీ మామయ్య తెల్లచొక్కా తప్ప. దుబాయ్‌లో నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, వేళకింత తింటున్నావనీ తలుస్తాను.

కొండబాబు సెలవుకి వచ్చి నువ్వు పంపిన పొట్లం ఇచ్చి వెళ్ళాడు. ఒరేయ్, ఉత్తరం ఎవరైనా పైన పెడతారు గానీ అడుగున పెడతారా? విప్పగానే నల్లగా నిగనిగలాడుతూ గొట్టం కనిపించింది. పూతరేకులు తీసేటప్పుడు మా అత్తయ్య పొగలో కళ్ళు నలుపుకుంటుంది పాపం అని దుబాయ్ ఊదుగొట్టం పంపావనుకుని మురిసిపోయాను. ఆ పూటే దాంతో పొయ్యి ఊదాను. చివర కాస్త కమురుకంపు కూడా వచ్చింది. ఇంతలో సత్యశ్రీ నీ ఉత్తరం తీసి చదివి, అమ్మా అది తుపాకీ గొట్టమే అని కేక పెట్టింది. నేను హడలిపోయి దాన్ని పిండిపాల గిన్నెలో పడేశాను. చిత్రం ఏమిటంటే, పైకి తీసి వంచితే లోపల ఒక్క చుక్క పిండి అంటుకోలేదు.

నా భయమంతా ఆ తుపాకుల గురించేనని నీకు తెలుసు. నువ్వక్కడ పొద్దస్తమానం తుపాకులతోనే ఉంటావని కొండబాబు తల్లి కాంతం చెప్పినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. ఉగాదికి మీ నాన్న, మా రాఘవులన్నయ్య, సత్యశ్రీని నీకిమ్మని నోరు తెరిచి అడిగితే, తుపాకీ పట్టేవాడికి నా పిల్లనివ్వనంటే ఇవ్వనని మొహాన చెప్పేశాను. అన్నయ్య ఇచ్చిన కాఫీ అలాగే వదిలేసి లేచిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. కూతురేమో నాతో మాటలు తగ్గించి, కుండ మీద రేకులన్నీ చింపుతోంది. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? తోడబుట్టినవాడు అలిగితే ముద్ద దిగుతుందా?

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. అవి ఆటలో ఒకరి మీద ఒకరు కొట్టుకునే రంగునీళ్ళ గుండ్లనీ, వాటి తొడుగు క్యాప్సూల్ మందు తొడుగంత పల్చన అనీ, గొట్టం లోపల గరుకుంటే అక్కడే చితికిపోతాయనీ రాశావు. అందుకే దోసెల పెనానికి వేసే టెఫ్లాన్ పూత లోపల వేస్తారనీ, ఆ గొట్టాలన్నీ నున్నగా ఉంచడమే నీ ఉద్యోగమనీ, నా భయం పోవాలనే గొట్టం ఒకటి పంపాననీ అన్నావు. అబద్ధమేమో అని కొండబాబుని నిలదీశాను. ఆయ్, ఆటేనండీ పిన్నిగారూ, డబ్బులిచ్చి మరీ కొట్టించుకుంటారండీ అన్నాడు. ఎలాంటి మనుషులురా వాళ్ళు!

ఇంకా బాగా జారతాయని నువ్వు కొబ్బరినూనె రాస్తే, గుండ్లు వంకరపోయి మేనేజరు కారు మీద పడ్డాయా? కోనసీమవాడివి అనిపించుకున్నావు. తలకీ నూనే, తలుపు బందుకీ నూనే, చివరికి తుపాకీకీ నూనే! నా కుండ ఎన్నిసార్లు చూశావు? కొత్తలో నూనె రాసి కాల్చి సిద్ధం చేస్తాం. తరవాత నూనెగుడ్డతో అలా తుడవడమే. జిడ్డు మిగిలితే రేకు కుదురుగా రాదు. నీ గొట్టానికి ఆ పూత ఉండగా పైన మళ్ళీ నూనెందుకు? పొడిగుడ్డ దూర్చి లాగి, ఒక్క చుక్క తడి లేకుండా తుడువు. గుండు తిన్నగా వెళుతుంది. ఇది నా మాటగా నమ్ము.

ఇక్కడ పెరట్లో నేరేడు విరగకాసింది. మొన్న మీ మామయ్య ఇస్త్రీచొక్కా వేసుకుని పెరట్లో నిలబడి పేపరు చదువుతుంటే, వీపు మధ్యలో ఊదారంగు మచ్చ పడింది. అదంతా గోరింకల పనేనని, ఆయన రేకుడబ్బా వాయిస్తూ చెట్టు చుట్టూ తిరుగుతున్నారు.

పెళ్ళి సంగతి మాత్రం ఇప్పుడు అడగకు. ఆలోచించి చెబుతాను. ఎండలో తిరగకు.

ఇట్లు,
నీ మేలు కోరే అత్తయ్య,
ఉమాదేవి

తా.క. ఉత్తరం రాసి రెండు రోజులైంది, కవరు అంటించబోతుంటే నా మనసు ఊరుకోలేదు. గోరింకల తప్పేమీ లేదు. గొట్టంలో సరిగ్గా పట్టే నేరేడుపండు ఒకటి పెట్టి, నీలాగే నూనె రాసి ఊదాను. అది వంకరపోయి బావి గట్టుకి తగిలింది. పొడిగుడ్డతో తుడిచి ఇంకోటి ఊదాను. తిన్నగా వెళ్ళి మీ మామయ్య వీపు మీద పడింది! సత్యశ్రీ నన్ను తలుపు చాటుకి లాగేసింది. ఇద్దరం నోట్లో కొంగు కుక్కుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. ఉగాది తరవాత నా పిల్ల నాతో కలిసి నవ్వడం అదే మొదలు. ఇంతోటి తుపాకీ కోసమా నేను అన్నయ్యని పోగొట్టుకున్నది అనిపించింది. నిన్ననే నేనే వెళ్ళి పిలిచాను. వచ్చాడు, కాఫీ కూడా తాగాడు. శ్రావణంలో ముహూర్తం చూడమన్నాం, సెలవు పెట్టుకో. మీ మామయ్యకి తెల్లచొక్కా ఒకటి తీసుకురా, ఎందుకో మాత్రం చెప్పకు. గొట్టం తిరిగి పంపమని అడగొద్దు. చెట్టుకి ఇంకా కాయలున్నాయి.