ఆయిల్ కూలర్ ముందర పాత చెప్పు

అబ్బా,

నా ర్యాలీ కారు స్టార్ట్ చెయ్యకు. పొద్దున నమాజు అయినంక ఇంట్ల ఉన్న బండ్లన్నీ ఒకసారి స్టార్ట్ చేసి చూసుడు నీకు అలవాటని తెలుసు. ఇయ్యాల మాత్రం దాని జోలికి జర పోకు. కొత్తగ బిగించిన ఆయిల్ కూలర్, దాని పైపులు కలిసి ఇంకో లీటరు ఆయిల్ తాగుతయి. అది పొయ్యకముందే తిప్పినవంటే ఇంజిన్ పట్టేస్తది, ఆదివారం పోటీ గూడ పోతది. ఆ ఆయిల్ గద్వాలల దొరకలే, వనపర్తి పోతున్న.

ఇంకోటి. దిష్టి తగలొద్దని ముందర జాలికి నీ పాత చెప్పు కట్టినవు కదా, అది సక్కగ కూలర్ మీదికే వచ్చింది. గాలి తగిలితేనే ఆయిల్ సల్లబడ్తది అబ్బా! రెండు దినాలు కారు కింద పండి నేను కూలర్ బిగిస్తే, నువ్వు దాని మూతికి చెప్పు కడ్తవా?

విప్పిన. కోపం చేసుకోకు, పారెయ్యలే. ఇరవై ఏండ్లు నీ లారీని కాపాడిన చెప్పును ఎట్ల పారేస్త? ఎనక బంపర్‌కు కట్టిన.

ఇక్రా

మర్చిపోయిన: మళ్ల తీసి ముందర కట్టకు. ఆదివారం నా మీద దిష్టి పెట్టేటోళ్లంతా ఎనకనే ఉంటరు.