ఆపమన్నది నేనే!

రియెకా

క్రేను దిగి కంప్యూటరు ముందు కూలబడ్డ మేనకోడలు దూన్యాకు,

ఓడల యార్డులో సుత్తి మోతకి నా చెవులు పోయాయి కాబట్టి ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి. మొదట చేపల ఫ్యాక్టరీలో డబ్బాలు మూశావు, సరేనన్నాను. తర్వాత వెల్డింగు నేర్చావు, భేషన్నాను. క్రేను ఎక్కిననాడు యార్డంతా తిరిగి చెప్పుకున్నాను. ఇప్పుడు జాగ్రెబ్ వెళ్ళి ఈ సాఫ్ట్‌వేరు ఏమిటే? రోజంతా కుర్చీలో కూర్చుని ఏం ఎత్తుతావు, ఏం దించుతావు? మేస్త్రీ స్టిపాన్ నీ క్రేను ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నెలాఖరు దాకా చూస్తానన్నాడు. బుద్ధిగా వచ్చెయ్.

నీ మేలు కోరే,
ఫ్రానే మామయ్య

తా.క.: ఆఫీసులో కిటికీ, తలుపు రెండూ ఒకేసారి తెరిచి కూర్చోకు. ఆ గాలికే మీ అత్తయ్య మెడ పట్టేసింది. ఇప్పటికీ నావైపు తిరగదు.

*

జాగ్రెబ్

నన్ను జీవితాంతం క్రేను మీదే కూర్చోబెట్టాలనుకునే మామయ్యకు,

రాను. ఓడ కోసం ఎదురుచూస్తూ క్రేను క్యాబినులో ఖాళీగా కూర్చున్నప్పుడే కదా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను! నెలాఖరు శుక్రవారంతో నా పరీక్షాకాలం అయిపోతుంది. ఉద్యోగం ఖాయమనే అనుకున్నాను, నిన్నటిదాకా.

నిన్న ఓడ టికెట్లమ్మే కొత్త ప్రోగ్రాం జనంలోకి వదలబోతుంటే నాకేదో తేడా కనిపించింది. కుర్చీ ఎక్కి, నువ్వు నేర్పినట్టే, రెండు చేతులూ చాచి ఊపి, "ఆపండి!" అని అరిచాను. యార్డులో అయితే ఊడ్చేవాడు ఊపినా క్రేను ఆగాల్సిందే కదా. ఇక్కడా అందరూ ఎక్కడివక్కడ ఆపేశారు. సాయంత్రం దాకా పని లేదు. మా బాసు క్రేషిమిర్ మొహం ఉడికిన పీతలా అయిపోయింది. తీరా వెతికితే ఏ తప్పూ లేదు! "కొత్తదానివి, నోరు మూసుకుని ఉండు. నీ సంగతి శుక్రవారం తేలుస్తా" అన్నాడు. "మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ ఆపుతాను" అన్నాను.

దిగిరాని,
దూన్యా

తా.క.: ఇక్కడి కిటికీలు అసలు తెరుచుకోవు. అత్తయ్యని పంపించు.

*

రియెకా

మా యార్డు పరువు నిలిపిన దూన్యాకు,

ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నాను. కుర్చీ ఎక్కావు. పనంతా ఆపించావు. యజమాని ఎర్రబడ్డాడు. నోరు మూసుకోమంటే మూసుకోనన్నావు. ఇది సమ్మె కాకపోతే మరేమిటే? ఎన్ని సమ్మెలు చేసినవాణ్ణి, నాకు తెలీదా! యూనియన్ ఆఫీసులో నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. ముసలాళ్ళందరూ లేచి నిలబడ్డారు. శుక్రవారానికి బస్సు మాట్లాడాం. మేడేకి బీన్సు వండే గుండిగ కూడా తెస్తున్నాం. అంతవరకూ వెనక్కి తగ్గకు.

నీ వెనకే ఉన్న,
ఫ్రానే మామయ్య

తా.క.: మీవాళ్ళలో మాంసం తిననివాళ్ళు ఉన్నారా? ఉంటే బీన్సులోంచి సాసేజి ఏరి పెడతాం.

*

జాగ్రెబ్

మామయ్యా, నీకు దండం పెడతాను, రావద్దు!

సమ్మె లేదు, గిమ్మె లేదు. ఇక్కడ యూనియనే లేదు. ఆదివారాలు పనికి రమ్మన్నా మావాళ్ళు నోరెత్తరు. నా పక్కన కూర్చునే తిహోమిర్ అయితే కుర్చీ కాలు విరిగినా చెప్పుకోలేక నెల రోజులుగా ఒంటి తుంటి మీద నెట్టుకొస్తున్నాడు. నా ఉద్యోగం తేలే రోజే మీరొచ్చి ఈలలూదితే అది కాస్తా ఊడుతుంది. నాకీ పని కావాలి మామయ్యా. ఇంత దూరం ఊరికే రాలేదు.

హడలిపోతున్న,
దూన్యా

తా.క.: సాసేజి ఏరినా సరే, రావద్దు.

*

రియెకా

దూన్యా తల్లికి,

సమ్మె లేదని నువ్వు రాస్తే, పక్కన యజమాని నిలబడి రాయించాడనుకున్నాం. ఒకప్పుడు నా చేతా అలాగే రాయించారు. అందుకే వచ్చాం, ఊదాం. మూడో అంతస్తు అద్దంలోంచి నువ్వు రెండు చేతులూ చాచి ఊపావు. రూలు రూలే. ఎక్కడి ఈల అక్కడ ఆపేసి బస్సెక్కాం. ఆ కంగారులో నినాదాల అట్టలూ, నిండు గుండిగా మీ గుమ్మంలోనే వదిలేశాం. నీ ఉద్యోగం నా చేత్తోనే పోగొట్టానని ముద్ద దిగడం లేదు. స్టిపాన్ కాళ్ళు పట్టుకుని నీ క్రేను ఇంకో వారం ఎవరికీ ఇవ్వకుండా ఆపించాను. వచ్చెయ్ తల్లీ.

తల దించుకున్న,
ఫ్రానే మామయ్య

తా.క.: గుండిగ పోగొట్టానని యూనియన్ వాళ్ళెవరూ నాతో మాట్లాడటం లేదట. చెవులు లేవు కదా, అత్తయ్య చెప్పేదాకా నాకు తెలియలేదు.

*

జాగ్రెబ్

లేని సమ్మెకి బస్సు కట్టించుకొచ్చిన మామయ్యకు,

మీ బస్సు మలుపు తిరగగానే క్రేషిమిర్ నన్ను పిలిచి, "నీకిక ఇక్కడ పని లేదు" అన్నాడు. సామాను సర్దుకుని కిందికి దిగితే గుండిగ చుట్టూ మావాళ్ళంతా! వాసనకి దిగొచ్చారు, తింటున్నారు, మీ అట్టలు చదువుతున్నారు. నన్ను తీసేశారని చెప్పాను. తిహోమిర్ గిన్నె కింద పెట్టాడు. రెండు చేతులూ చాచి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ఇక ఒక్కరూ పైకి వెళ్ళలేదు. గుండిగ ఖాళీ అయితే మళ్ళీ మేమే వండుకున్నాం. మీ అంత బాగా రాలేదు.

నిన్న క్రేషిమిరే దిగొచ్చాడు. ఆదివారాలు సెలవు. అనుమానమొస్తే ఎవరైనా పని ఆపొచ్చు, తప్పు దొరకకపోయినా సరే. నా ఉద్యోగం నాకే. తిహోమిర్‌కి కొత్త కుర్చీ. నా క్రేను స్టిపాన్ కూతురికి ఇమ్మను, ఎప్పట్నుంచో అడుగుతోంది. నేను రాను.

ఇక్కడే పాతుకుపోయిన,
దూన్యా

తా.క.: గుండిగ ఇప్పట్లో పంపలేను. కింది అంతస్తు బీమా కంపెనీ వాళ్ళు అరువడిగారు.