లాయరుకు మాత్రమే

మార్చి 3
నష్టపరిహారం కేసుకి పనికొస్తుందని లాయరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. నొప్పి ఎంత ఉందో, ఏ పని చెయ్యలేకపోయానో రోజూ రాయాలట. అట్ట మీద ‘లాయరుకు మాత్రమే’ అని ఆవిడే రాసింది. ఇది మనిద్దరి మధ్య మాట, కంపెనీకి చూపించక్కర్లేదు అంది. కంపెనీలో రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ నా కుడిచేతి వేళ్ళు మూడు మింగేసింది. ఎడం చేత్తో కోడి కెలికినట్టు రాస్తున్నా. పాపం లాయరమ్మ కళ్ళు.

మార్చి 9
జడ వేసుకోలేక ఏడ్చాను. మా ఆయన వచ్చి వేశారు. వంకర జడ. విప్పబుద్ధి కాలేదు.

మార్చి 17
ఆస్పత్రిలో కట్టు మార్చారు. ప్రాణం పోయింది.
సాయంత్రం ఆడపడుచు వచ్చింది. నా పక్క ప్రెస్సు తనదే, ఇంకా అక్కడే చేస్తోంది. తలుపేసి మరీ చెప్పింది. చెయ్యి లోపలుంటే మిషన్ ఆగిపోవడానికి సెన్సర్ ఉంటుంది కదా, మాటిమాటికీ ఆగుతోందని నా మిషన్ సెన్సర్‌కి అది పనిచెయ్యకుండా టేపు వేయించాడట సూపర్‌వైజర్. ఆ టేపు తన చేత్తోనే వేశానంది. చెంప పగలగొడదామనిపించింది. తర్వాత ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఎవరికీ చెప్పకు వదినా, ఉద్యోగం పోతే పిల్లలతో రోడ్డున పడతాను అంది.
ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాశాను, అంతే.

ఏప్రిల్ 2
లాయరమ్మ చదివింది. నీ అజాగ్రత్తే అని కంపెనీ అంటోంది, ఈ ఒక్క మాటతో వాళ్ళ నోరు మూతపడుతుంది అంది. కానీ నువ్వు సరేనంటే తప్ప బయటపెట్టను, ఆ హక్కు నీదే, నాది కాదు అంది. వద్దన్నాను. గెలవకపోయినా సరే.

మే 6
కోర్టులో కంపెనీ లాయరు ప్రశ్నలు వేశాడు. కట్టు ఏ రోజు మార్చారమ్మా అన్నాడు. గుర్తు రాలేదు. సంచిలోంచి ఈ పుస్తకం తీసి, చూసి చెప్పాను! లాయరమ్మ నా మోచెయ్యి పట్టుకునేలోపే అయిపోయింది. ఆ పుస్తకమేంటమ్మా అన్నాడాయన చల్లగా. చూసి సాక్ష్యం చెబితే అవతలివాళ్ళకీ చూపించాల్సిందేనట. కొరివితో తల గోక్కున్నాను.

మే 7
ఆ పేజీ చించేస్తానన్నాను. ఒక్క కాగితం కదిలినా కేసు పోతుంది, పైగా నేరం అంది లాయరమ్మ. పుస్తకం జడ్జిగారు చదువుతారట. ఇదీ చదవనీ.

మే 20
జడ్జిగారు తన గదిలో కూర్చుని అంతా చదివారు. మిగతాదంతా లాయరుకు చెప్పుకున్న మాట, ఎవరూ ముట్టకూడదన్నారు. నేను చూసి చెప్పిన పేజీ మాత్రం శుక్రవారం కంపెనీకి ఇవ్వాలి.
నా వంకర జడ దాగింది. ఆడపడుచు మాట దాగలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మే 21
చెప్పాను. తను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం ఒకసారి ఇమ్మంది.

మే 22
ఇది వదిన రాత కాదు, అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది. పొద్దున్నే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. టేపు వేసింది నేను, వేయించింది మీరు, కోర్టులోనూ ఇదే చెబుతానన్నాను. గేటు పాసు లాక్కున్నారు.
లాయరమ్మా, ఈ పేజీ దాచక్కర్లేదు.