ముగ్గురు కలిస్తే మాబా?

వన్ టౌన్, విశాఖపట్నం

పాత పేజీల బాబు గారికి పైడితల్లి రాసేది.

ఉభయకుశలోపరి అని రాయడం లేదు. ఆదివారం నుంచి నాకు కుశలం లేదు. మీ ఇంగ్లీషు పేపర్లో యాభై ఏళ్ల కిందటి వార్త మళ్లీ వేశారట. మా వీధి కుళాయికి ఒక షావుకారు తాళం వేసుకుంటే, "మాబ్" వచ్చి పగలగొట్టిందని అందులో ఉందట. మా మనవరాలు నిఖిత చదివి, "మాబంటే అల్లరిమూక అమ్మమ్మా" అంది.

ఆ మూక ఎవరో చెబుతాను, రాసుకోండి. నేను, చిట్టెమ్మ, గంగాభవాని. రోకలి నాది. చిట్టెమ్మ నిరుడు పోయింది. పేరూ ఊరూ లేకుండా మూకలో కలిసిపోవలసిన మనిషి కాదది. మా ముగ్గురి పేర్లూ వెయ్యండి.

ఇట్లు,
పైడితల్లి

తా.క. తాళం నా దగ్గరే ఉంది. పచ్చడి జాడీ మూత మీద బరువుకి పెట్టుకుంటున్నాను.

గౌరవనీయులైన పైడితల్లి గారికి నమస్కారాలు.

తమరు అపార్థం చేసుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు పేపర్లకి "మాబ్" తిట్టు కాదు, రివాజు. జనం చేరినచోట కుర్చీలుంటే "మీటింగ్" అని రాసేవారు, లేకపోతే "మాబ్". ఎంతమందో ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. పైగా మాబ్‌కి పేర్లుండవు. కాబట్టి సవరణ కుదరదు.

భవదీయుడు,
జగ్గారావు, పాత పేజీల విభాగం

తా.క. తాళం సంగతి ఇంకెవరికీ రాయకండి. కేసు మూసేశారో లేదో తెలియదు.

జగ్గారావు బాబూ,

కుర్చీలదా పేచీ? గంగాభవాని పీట మీద కూర్చునే ఉంది, అప్పటికి దానికి ఏడో నెల. కనీసం సగం మీటింగనైనా రాయాల్సింది. కేసంటారా, పెట్టించండి. జైల్లో కుళాయికి తాళం ఉండదట.

మీ ఉత్తరం వినిపిస్తే గంగాభవాని ఏమందో తెలుసా? "పేర్లుండవేటే? ఆ పేపరోడిని పిలిసి మరీ సెప్పినాం కదా! ఆడే రాసుకోకుండా పారిపోనాడు" అంది. నిజమే. జేబులో రెండు పెన్నులతో ఒక సన్నపాటి మనిషి వచ్చాడు. నేను రోకలితోనే అటు తిరిగి "రాసుకో నాయనా" అన్నాను. అంతే, ఒక చెప్పు వదిలేసి పూర్ణా మార్కెట్ వైపు పరుగు తీశాడు.

పేర్లు వెయ్యకపోతే గురువారం మీ ఆఫీసుకి వస్తాం. ఈసారి వీధి వీధంతా. కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
సగం మీటింగు పైడితల్లి

తా.క. రోకలి కూడా తెస్తాను. ఆ చెప్పు సైతం పారెయ్యలేదు. ఎడమ కాలిది.

పైడితల్లి అక్కగారికి,

గురువారం శ్రమపడకండి. సవరణ వేసేశాం, కత్తిరించి జతచేశాను. "నాటి వార్తలో మాబ్ అన్నది తప్పు. తాళం పగలగొట్టినవారు చిట్టెమ్మ, గంగాభవాని, పైడితల్లి." చిట్టెమ్మ గారి పేరే ముందు పెట్టాను.

రివాజు గురించి రాసినదంతా నిజమే గాని, ఈ వార్త సంగతి వేరు. ఆ పేపరోణ్ణి నేనే. ఉద్యోగంలో చేరిన తొమ్మిదో రోజు. రొప్పుతూ ఆఫీసులో పడితే ఎడిటర్ గారు "ఎంతమందయ్యా?" అన్నారు. ముగ్గురు ఆడవాళ్లకి జడిసి పారిపోయి వచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "మాబ్ సార్" అన్నాను. యాభై ఏళ్లుగా సిగ్గుపడుతూనే ఉన్నాను. మన్నించండి.

ఇట్లు,
మీ జగ్గారావు

తా.క. ఆ ఎడమ చెప్పు పోస్టులో పంపగలరా? కుడిది నా దగ్గరుంది. నేనే వచ్చి తీసుకుందును గాని, రోకలి ఇంకా ఉందన్నారు కదా.