చెయ్యి తగలకుండా లేవాలి

జూన్ 4, ఆదివారం

ఇంట్లో పెద్ద గొడవ. నా వల్లే అంటున్నారు. అననీ.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అవ్వ నేల మీద నుంచి లేవలేకపోయింది. గోడ పట్టుకుంది, జారింది, మళ్లీ కూలబడింది. అమ్మ చంకల కింద చేతులు వేసి లేపింది. నాయన కంచంలోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు — "ఈ ఆడి నెల జాతరకి పాలకుండ నీ కోడలు ఎత్తుతాదిలేమ్మా. నువ్వు ఆటోలో గుడికాడికి వచ్చేయ్."

అవ్వ మజ్జిగ తాగలేదు.

మా ఇంటి ఆచారం అలాంటిది. కుండ మోసే మనిషి అమ్మవారి ముందు నేల మీద కూర్చోవాలి. తల మీద కుండ పెడతారు. ఎవరి చెయ్యీ తగలకుండా తనంతట తానే లేవాలి. తగిలిందా — కుండ తర్వాతి మనిషికి. ఒకసారి తల మారితే తిరిగి రాదు. పెళ్లై ఈ చూలై పేటకు కాపురానికి వచ్చిన యేటి నుంచీ అది అవ్వ తలదే.

నేను ఊరుకోలేదు. "కండలో బలం పోతే బలం తెచ్చుకోవాల, ఆటో కాదు!"

"నీ పుస్తకాలు ఎత్తి అటక మీద పెట్టు, సామీ" అన్నాడు నాయన.

జూన్ 5

అవ్వను డాక్టరుకు చూపించాను. ఎముకకు ఏమీ లేదు. కూర్చుని కూర్చుని తొడల్లో సత్తువ పోయింది — అంతే. మెల్లగా మొదలుపెట్టమన్నాడు, నొప్పి వస్తే ఆపమన్నాడు. ఇల్లు చేరేదాకా గెలిచినవాడిలా నడిచాను. అవ్వ రిక్షాలో.

జూన్ 7

పేవ్‌మెంట్ మీద కొన్న ఆ అట్ట లేని కసరత్తు పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. బలం పహిల్వాన్లకే కాదట. మెట్టెక్కడానికి, బిందె మోయడానికి, పడబోయి నిలదొక్కుకోవడానికి — అన్నిటికీ అదే. ఎంత న్యాయమైన మాట! బలంలో సమానత్వం!

మరి గుడి గడప తొక్కనని ఉగాది నాడు ఇదే డైరీలో రాసుకున్న ప్రతిజ్ఞ...? ఇది గుడి సంగతి కాదు. తొడ సంగతి.

జూన్ 8

మొదటి పాఠం. కుర్చీలో కూర్చోవడం, చేతులు గుండెల మీద కట్టుకుని లేవడం.

"ఇదేనా నీ విద్య? దీనికి పుస్తకం కూడానా?" అంది అవ్వ. కూర్చుంది. లేవలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. కుర్చీలో రెండు దిండ్లు వేశాను. ఎత్తు పెరిగింది. లేచింది!

జూన్ 16

ఒక దిండు తీసేశాం.

జూన్ 19

పుస్తకంలో బొమ్మ ఉంది — పాదానికి బరువు కట్టి, కూర్చున్న చోటే కాలు చాచి ఎత్తడం. కింద నాయన బియ్యం కొట్లోంచి కిలో తూకం రాయి తెచ్చి, తువ్వాలుతో అవ్వ కాలికి కట్టాను. కళ్లు మూసుకుని ఎత్తింది. ఎంత శ్రద్ధ అనుకున్నాను. లోపల లెంపలు వేసుకుంటోందట.

సరిగ్గా అప్పుడే నాయన పైకి వచ్చాడు.

"ఓరి పాపీ! లక్ష్మిని తెచ్చి కాలికి కడతావా? ఆయుధపూజకు బొట్టు పెట్టే రాయిరా అది!"

"ఇనుము నాయనా! ఇనుముకు లక్ష్మి యాడిది?"

"ఆడ గిరాకీ నిలబడుండాడు, ఈడ రాయి కాలికుండాది. బియ్యం నీ పుస్తకంతో తూచేదా?"

పుస్తకం గోడకేసి కొట్టాను. అన్నం మానేశాను. అడ్డమైన మూఢనమ్మకాలు... ఈ ఇంట్లో విప్లవం రాదు.

జూన్ 20

పొద్దున లేచేసరికి అవ్వ పాత రవికె గుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టి పెట్టింది. పక్కన ఇల్లు కడుతున్నారుగా, ఆ ఇసక నింపింది.

"ఇసకకు దేవుడు లేడు గదరా, కట్టు."

నా కంటే పెద్ద హేతువాది.

జూలై 2

రెండో దిండు పోయి చాలా రోజులైంది. ఇవాళ నీళ్ల లారీ వచ్చినప్పుడు అవ్వ సగం బిందె చంకన పెట్టుకుని మేడ ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ వీధంతా వినపడేలా — "ఎవురూ తేలా, నేనే తెచ్చినా!"

అమ్మ నా చెవిలో — "ఎట్టైనా మీ అవ్వను లేపురా. ఆ కుండ నాకొద్దు. నాకు భయంరా."

జూలై 9

అవ్వకు నడుం నొప్పి. ఇంకా, ఇంకా అని నేనే తరిమాను. అత్యాశ. ఆపేశాం. కండకు విశ్రాంతి కూడా పనేనని పుస్తకంలో ఉంది — నేను దాటేసిన పేజీలో.

జూలై 12

నొప్పి లేదు. మళ్లీ కుర్చీ. మెల్లగా.

జూలై 14

కొట్లో నాయన బియ్యం మూట మీద కూర్చుని లేస్తున్నాడు. చేతులు గుండెల మీద!

"ఏంది నాయనా?"

"మూట గట్టిగుండాదా అని చూస్తా ఉండా. పోయి పని చూడు పో."

ఇంత ఆనందం నాకు ఏ సభలోనూ కలగలేదు.

జూలై 23

ఇంటి కూడం మధ్యలో పరీక్ష. అవ్వ నేల మీద కూర్చుంది. తల మీద నీళ్ల చెంబు. ఒక మోకాలు నేలకు, ఒక పాదం ముందుకు... లేచింది! నీళ్లు కొన్ని భుజం మీద ఒలికాయి. సగంలో ఊగినప్పుడు నాయన చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. అవ్వ నిలబడ్డాక "తగల్లా! నా చెయ్యి తగల్లా!" అని చిన్నపిల్లాడిలా గంతేశాడు.

రెండోసారి లేవలేదు. నవ్వి, "ఆడ ఒకతూరే గదరా లేసేది" అంది.

జూలై 29

ఇవాళ వ్యాయామం లేదు. నేనే వద్దన్నాను. అవ్వ ఇత్తడి కుండకు చింతపండు రుద్దుతూ, తలెత్తకుండా — "రేపు నువ్వు నా పక్కన నడవాల."

"నేను గుడికి రానవ్వా. నీకు తెల్సు గదా."

"నేను నీ కుర్చీకి రాలా?"

నేనూ కాస్త చింతపండు తీసుకుని కుండ రెండో వైపు రుద్దాను. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు.

జూలై 30, ఆదివారం, తెల్లవారుజాము

అవ్వ పసుపు చీర కట్టుకుంది. కాఫీ కూడా తాగలేదు — ఉపవాసం. కింద డప్పు మొదలైంది. నాయనతో ఖచ్చితంగా చెప్పేశాను — అవ్వ లేచేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకో, ఊగినా సరే, ముందుకు రాకూడదు.

"శరి" అన్నాడు. నా మాటకు శరి అనడం ఇదే మొదలు.

అవ్వ పిలుస్తోంది. తన పక్కన నడవాలి గదా, చెప్పులు ఇంట్లోనే వదిలేశాను.

అవ్వ లేచేటప్పుడు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియడం లేదు...