గేటు దాటాలంటే

మంగళవారం రాత్రి, నల్లగండ్ల.

విక్టోరియా రాణి నాటి ఇంగ్లిషు నవల ఒకటి చదువుతున్నాను. అందులో భర్త సరేనంటే తప్ప భార్యా, కూతురూ గడప దాటరు. కథ చెబితే మా చిన్ని, "తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చుగా మమ్మీ?" అంది. ఆ కాలం అలాంటిదిలే అన్నాను.

సాయంత్రం పెన్సిలు కొనుక్కుంటానని చిన్ని ఒక్కతే బయల్దేరితే, అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. ఇంటర్‌కమ్‌లో నేను పంపమన్నాను.

"పిల్లలు ఒక్కళ్ళే పోవాలంటే యాప్‌ల సార్ ఓకే కొట్టాలె మేడం. మీరు చెప్తే నడ్వదు."

ఆయనేమో మీటింగులో ఉన్నారు. చిన్ని వెనక్కి వచ్చేసింది, నావైపు అదోలా చూస్తూ.

ఇంతకీ ఆ యాప్‌లో నేనెవరినో చూద్దామని ఇప్పుడు తెరిచాను. ఓనరు ఆయన. నేనూ, చిన్నీ ఒకే వరసలో ఫ్యామిలీ మెంబర్లం. నన్ను కూడా ఓనరుగా మార్చబోతే, ఓటీపీ పంపామంది.

పక్క గదిలో ఆయన ఫోన్ టింగుమంది.